పన్నెండింటికి జరిగిందని రాయమన్నారు

మా పిన్నికి రోత అంటే ఏమిటో తెలియదని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చీము పట్టిన కాళ్ళు, పురుగు పడిన పుళ్ళు, కాలిపోయి ఊడొచ్చే చర్మం, అన్నీ తుడిచి మందు రాసి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని మా పక్కన కూర్చుని తృప్తిగా భోంచేసేది. "నీది కడుపా, ఇనప్పెట్టా?" అనేది అమ్మ. "పుండు ఏం పాపం చేసిందక్కా, దాని మానాన అది ఉంది" అనేది పిన్ని. వీధిలో అందరికీ ఆమె కట్లమ్మ.

ఆసుపత్రి చేతులు మారి పాతవాళ్ళను పంపించేశాక, ఊరి బయట డర్ట్ బైకుల ట్రాకులో ఆదివారాల పని దొరికింది. ఒకప్పుడు కంకర తవ్వి వదిలేసిన గుంతలు, మట్టి దిబ్బలు. వాటి మీద ఎగిరి దూకడానికి కలిగినవాళ్ళు బళ్ళను ట్రక్కుల్లో వేసుకొచ్చేవాళ్ళు. పిన్నికి అక్కడ రెండు పనులు. పడ్డవాళ్ళకు కట్టు కట్టాలి. అంతకుముందు, గేటు దగ్గర రేకుల గదిలో కూర్చుని వచ్చిన ప్రతివాడి బీమా కాగితం చూడాలి.

నడిపేవాడు పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే అది అతని ఖర్మ. అతని బండి ఇంకొకరిని గుద్దితే ఆ ఇంకొకరికి నష్టపరిహారం అందాలి కదా, ఆ కాగితం అందుకు. రోడ్డు బండికి చేయించే బీమా ఇక్కడ చెల్లదు. మట్టి ట్రాకుకని విడిగా చేయించుకోవాలి. అది లేనివాణ్ణి లోపలికి వదిలితే బాధ్యత ట్రాకు యజమానిదేనని అనుమతి పత్రంలోనే రాసి ఉంది. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టి పిన్ని కుర్చీ వెనకే తగిలించారు. ఎవరూ చదివిన పాపాన పోలేదు.

వచ్చేవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. మెత్తటి మనిషి. పిన్నిని "అమ్మా" అని తప్ప పిలిచేవాడు కాదు. ఒకసారి తన క్లినిక్ నుంచి చేతి తొడుగుల పెట్టె కూడా తెచ్చిచ్చాడు. అతని కాగితానికి గడువు తీరిపోయింది. "వచ్చేవారం తెస్తానమ్మా" అన్నాడు. పిన్ని యజమాని వంక చూసింది. "ఆయన మనవాడే, పంపించండి" అన్నాడు యజమాని. ఆ మాటే పిన్ని రిజిస్టర్లో అతని పేరు పక్కన రాసింది: కాగితం లేదు, యజమాని పంపమన్నారు. అలా ఎనిమిది ఆదివారాలు రాసింది, ఎనిమిదిసార్లూ గేటు తీసింది.

తొమ్మిదో ఆదివారం, మలుపు దగ్గర వంగిపోయిన కంచె బాగుచెయ్యడానికి ఒక వెల్డరు వచ్చాడు. మా వెనక వీధి మనిషే. పదకొండూ పదికి పళ్ళ డాక్టరు బండి దిబ్బ మీంచి అదుపు తప్పి, కంచె అవతల వంగి పనిచేసుకుంటున్న అతని మోకాలి మీద పడింది.

పిన్ని పెట్టె పట్టుకుని పరిగెత్తింది. మోకాలు మోకాలిలా లేదు. రక్తం ఆగేలా బిగించి కట్టి, రెండు చెక్కలు ఆన్చి, అతని తల తన ఒళ్ళో పెట్టుకుంది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అని యజమానికి చెప్పింది. "చేశాను, వస్తోంది" అన్నాడు.

పది నిమిషాలైంది. పదిహేనైంది. వెల్డరు అరిచి అరిచి మూలగడం మొదలుపెట్టాడు. పళ్ళ డాక్టరు నీడలో బల్ల మీద కూర్చుని, మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ ఫోన్లో ఏదో టైపు చేస్తున్నాడు. యజమాని అతని భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. ఇంటికి కబురు పెడుతున్నాడేమో అనుకుంది పిన్ని. ఇంతలో డాక్టరు మాట వినపడింది.

"కొత్త పాలసీ వచ్చింది. కానీ పదకొండు నలభై నుంచి మొదలట."

"అయితే ఇంకాసేపు ఆగి చేద్దాం" అన్నాడు యజమాని.

పిన్నికి అప్పుడు అర్థమైంది. అంబులెన్సుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

రక్తం చేతులతోనే తన ఫోన్ తీసింది. పళ్ళ డాక్టరు లేచి దగ్గరకొచ్చాడు. "తొందరపడకండమ్మా. ఎముకే కదా, ప్రాణానికేం ఢోకా లేదు. నేనూ డాక్టర్నే. పన్నెండింటికి జరిగిందని రిజిస్టర్లో రాయండి చాలు. ఇదంతా అతని మంచికే, కంపెనీ ఇస్తే డబ్బు వెళ్ళేది అతనికే కదా."

గొంతు అదే మెత్తన. ఆ మెత్తదనమే తనను పట్టి కుదిపేసిందని పిన్ని తరవాత చెప్పింది. పదకొండూ ముప్ఫై ఒకటికి అంబులెన్సును పిలిచింది. వెల్డర్ని ఎక్కించి పంపాక రేకుల గది వెనక్కి వెళ్ళి భళ్ళున కక్కుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది. మళ్ళీ గదిలోకి వచ్చేసరికి ఆ రోజు పేజీ రిజిస్టర్లో లేదు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయింది. "వాళ్ళ మాటలు ఒంటికి అంటుకున్నట్టుందక్కా, ఎంత రుద్దినా పోవట్లేదు" అంది అమ్మతో.

నాలుగు రోజులకు బీమా కంపెనీ మనిషి వచ్చాడు. పిన్ని జరిగింది జరిగినట్టు చెప్పి, తన ఫోన్లో ఆ పిలుపు సమయం చూపించింది. కంపెనీ చేతులు దులిపేసుకుంది. పిన్ని ఉద్యోగం ఊడింది.

ఆ సాయంత్రమే వెల్డరు భార్య మా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది? కంపెనీ ఇచ్చేదిగా. నీ నిజం తీసుకెళ్ళి ఆసుపత్రిలో కడితే చెల్లుతుందా?"

పళ్ళ డాక్టరు అన్న మాటే, ఈసారి ఏడుస్తున్న మనిషి నోట. పిన్ని తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇంకోటి కూడా చెప్పాలి. కాగితం లేదని తెలిసే ఎనిమిది వారాలు వాడికి గేటు తీశాను. ఆ రోజూ తీశాను. నీ మొగుడి కాలు విరగడంలో నా చెయ్యి కూడా ఉంది."

ఆమె పిన్ని మొహం మీద ఉమ్మలేదంతే. వెళ్ళిపోయింది.

కేసు ఏడాదిన్నర నడిచింది. యజమాని ఒక్క పేజీ చించాడు గానీ ఆ రిజిస్టరును ఎప్పుడూ తిరగేసిన మనిషి కాదు. వెనకటి ఎనిమిది పేజీల్లో "యజమాని పంపమన్నారు" అన్న మాట అలాగే ఉంది. పిన్ని చెబితే వెల్డరు తరఫు వకీలు రిజిస్టరును కోర్టుకు తెప్పించాడు. యజమానీ పళ్ళ డాక్టరూ ఇద్దరూ పరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళ వకీలు మాత్రం "గేటు తీసిన చెయ్యి ఎవరిదమ్మా?" అని అడగనే అడిగాడు. "నాదే" అంది పిన్ని.

ట్రాకు మళ్ళీ తెరిచారు. గేటు దగ్గర ఎవరో కొత్తమ్మాయి. పళ్ళ డాక్టరు ఇప్పటికీ వెళ్తాడట, కాగితం సక్రమంగా ఉందట. ఈ కబురు చెబితే పిన్ని మొహం అదోలా పెట్టి, "వాడి ఊసు నా ముందు ఎత్తకు" అంది. తను ఇప్పుడు మంచం పట్టిన ముసలివాళ్ళుండే ఆశ్రమంలో పుళ్ళకు కట్లు కడుతోంది.

వెల్డరు కాలు ఇక వంగదు. స్టూలు మీద కూర్చుని కిటికీ ఊచలు అతుకుతాడు. మొన్న మా గేటు మడతబందు ఊడితే కర్ర ఊతతో తనే వచ్చాడు. పని అయ్యాక పిన్ని మంచినీళ్ళిచ్చింది.

"ఆ రోజు నువ్వు ఎన్నింటికి ఫోన్ చేశావో కోర్టులో చెప్పారు గానీ అక్కా," అన్నాడు తాగుతూ, "నాకు మాత్రం పొద్దస్తమానం పట్టినట్టుంది."

పిన్ని ఖాళీ గ్లాసు అందుకుని మళ్ళీ నీళ్ళు నింపి ఇచ్చింది. అతని భార్య ఇప్పటికీ మా ఇంటి ముందునుంచి వెళ్ళాల్సి వస్తే మొహం తిప్పుకునే వెళ్తుంది.