చేతులు లెక్కపెట్టే గురువుగారు

మా గురువుగారి లెక్కలో ఈ లోకంలో ఏదీ పోదు, ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. బస్సులో గొడుగు మర్చిపోయి తడిసి ముద్దయి వచ్చిన రోజు కూడా, ముక్కు కొస నుంచి నీళ్ళు కారుతుండగా, "పోలేదయ్యా, ఎవరి చేతికో అతుక్కుంది" అన్నారు.

ఈ జబ్బు ఆయనకి చేపల నుంచి అంటుకుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ సముద్రపు చేపల క్రోమోజోములు చూడటమే ఆయన పని. ఆ చేపలు రంగులు మార్చాయి, మూతులు మార్చాయి, ఒకటి అట్టలా పలచబడితే ఇంకోటి బంతిలా ఉబ్బింది. అయినా కణంలోకి తొంగి చూస్తే చాలావాటికి అవే నలభై ఎనిమిది, కోట్ల ఏళ్ళుగా. ఇంటికి ఎన్నిసార్లు రంగు మార్చినా లోపల వంటిల్లు ఉన్నచోటే ఉన్నట్టు. ఆ క్రోమోజోములు ఒక్కో చెయ్యే ఉన్న చిన్న పుల్లల్లా ఉంటాయి. ఏదో ఒక చేపలో నలభై ఆరే కనిపిస్తే, మనలాంటివాళ్ళం "అయ్యో, రెండు పోయాయే" అంటాం. గురువుగారు అనరు. నాలుగు పొట్టి పుల్లలు రెండేసి చొప్పున కొనా కొనా అతుక్కుని, రెండు చేతుల పొడుగు పుల్లలు రెండయి ఉంటాయి. ముక్కలు తగ్గాయి, చేతులు తగ్గలేదు.

"ముక్కలు కాదయ్యా, చేతులు లెక్కపెట్టు!" మా ల్యాబు గోడలకి కూడా కంఠతా వచ్చిన మాట ఇది.

ఇంట్లోనూ అదే వరస. ఓసారి నేనక్కడ ఉండగానే వంటింట్లోంచి అమ్మగారి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఒక గ్లాసు తగ్గింది!"

"గ్లాసులు కాదు, అంచులు లెక్కపెట్టు!"

నిజమే, ఒక గ్లాసులో ఇంకోటి ఇరుక్కుని ఉంది. గురువుగారు ఏనుగెక్కినంత సంబరపడ్డారు. "చూశావా, పోయిందన్నావు!"

"చూశాను. ఇప్పుడు విడదీసి పెట్టండి."

ఆయన ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని లాగాం. గ్లాసు రాలేదు గానీ నా చొక్కా గుండీ ఊడొచ్చింది.

"విడదీయడం వేరే పాఠమే," అన్నారు ఆయన రొప్పుతూ.

"మీ మాట నమ్మి నా జుట్టు సంగతి అడుగుదామనుకున్నా గురువుగారూ," అన్నాను. "రోజురోజుకీ పోతోంది."

నన్ను వెలుతురులోకి తిప్పి శ్రద్ధగా చూశారు. "పోలేదయ్యా. నెత్తిమీద తగ్గింది, చెవుల్లోకి చేరింది. మొత్తం అంతే."

ఇంతకీ ఆ ల్యాబులో నా పని స్లైడ్లు చెయ్యడం. చేప కణాలు కలిపిన నీటిని గొట్టంతో తీసుకుని, చల్లటి గాజుపలక మీద పైనుంచి చుక్కలా వదలాలి. ఆ దెబ్బకి కణం పగిలి క్రోమోజోములు పరుచుకుంటాయి. మరీ కిందనుంచి వదిలితే అన్నీ మూటలా కుప్పపడతాయి, మరీ పైనుంచి వదిలితే కొన్ని ఎగిరిపోతాయి. నేను పొట్టివాణ్ణి. పొట్టివాళ్ళకి ఎత్తు మీద ఉండే మోజు మీకు తెలియంది కాదు. స్టూలెక్కి మరీ వదిలేవాణ్ణి. సగం చుక్కలు పలక మీద, సగం నా చెప్పుల మీద. "మీ చెప్పులకి మైక్రోస్కోపు పెడితే సముద్రమంతా కనిపిస్తుంది," అని మా ఆవిడ వాటిని గుమ్మం బయటే విడిపించేది.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరు ఒక బాంబు పేల్చారు. మాకు నాలుగు గదులు దండగట, మూడు చాలట. పని చూసి, బాగాలేని గదినీ అందులోని మనిషినీ తీసేస్తారట. నా గుండె చెప్పుల్లోకి జారింది. ఈ వయసులో చెప్పులకి క్రోమోజోములు పట్టించేవాడికి ఇంకెవరు పనిస్తారు?

గురువుగారి గదికి మాత్రం ఢోకా లేదు. అక్కడి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఆ కిటికీ కోసం ఆయన డైరెక్టరుతోనే పోట్లాడారు. దాని ముందున్న కుర్చీలో మమ్మల్ని కూర్చోనిచ్చేవారు కాదు, దుమ్ము కూడా ఆయన్ని అడిగే వాలేది.

పరీక్ష కోసం నేను స్టూలు మీద అట్టపెట్టె వేసి, దానిమీదెక్కి, జీవితంలోకెల్లా ఘనమైన చుక్క వదిలాను. మర్నాడు దాని ఫొటో తెర మీద వేశారు. డైరెక్టరు కర్రతో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నలభై ఆరే ఉన్నాయి. మిగతా రెండూ ఏమయ్యాయి?" అన్నారు.

నేను ఛాతీ విరుచుకుని లేచాను. "పోలేదు సార్. అతుక్కున్నాయి!"

"సంతోషం. అతుక్కున్నవి చూపించండి."

కర్ర నా చేతికిచ్చారు. తెరంతా గాలించాను. పొడుగు పుల్ల ఒక్కటి లేదు, అన్నీ ఒంటిచేతివే. చెమటలు పట్టి, కర్రతో ఒక మరకని చూపించి, "ఇదేమో సార్," అన్నాను.

"అది తెరకి పడిన చిరుగండీ," అన్నారు డైరెక్టరు.

అందరూ గురువుగారి వైపు తిరిగారు. ఆయన లేచి, తెరకి ముక్కు ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశారు. ఆయన నోట ఎన్నడూ వినని మాట అప్పుడు విన్నాం.

"పోయాయి."

నేను కర్ర తీసుకెళ్ళి డైరెక్టరు చేతికే తిరిగిచ్చేశాను.

"ఎత్తెక్కువై ఎగిరిపోయాయి," అన్నారాయన. "చేతులు లెక్కపెట్టకుండా నా మాట మాత్రం అప్పజెప్పాడు, వెర్రిబాగులాడు."

"అయితే స్లైడ్ల గది పోయినట్టే," అన్నారు డైరెక్టరు.

"పోదు. అతికించండి."

"దేన్ని?"

"నా గదిని. నా బల్లా, నా మైక్రోస్కోపూ తీసుకెళ్ళి ఇతని గదిలో పడెయ్యండి. మీకు కావలసిన మూడు ముక్కలూ మీకొస్తాయి. నాకు చేతులు ఒక్కటీ తగ్గవు."

"ఆ కిటికీ కోసం నాతో అంత గొడవపడ్డారు కదండీ!"

"పడ్డాను. ఏం చెయ్యమంటారు, ఈ మనిషిని స్టూలు దింపడానికి పక్కన ఒకరుండాలిగా."

డైరెక్టరు నవ్వు ఆపుకోలేక సంతకం పెట్టేశారు.

బల్ల మోస్తూ ఉండగా అన్నాను, "గురువుగారూ, నావల్ల మీ కిటికీ పోయింది."

"పోలేదయ్యా. నీ గది తలుపుకి అతుక్కుంది. నా పాత గది ఎదురుగానే కదా, ఇటు తలుపూ అటు తలుపూ తీసి ఉంచు, ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది."

అప్పటినుంచీ రెండు తలుపులూ బార్లా తీసే ఉంచుతున్నాను. వేలెడంత సముద్రం కనిపిస్తుంది. దాంతోపాటు ఈడ్చి కొట్టే గాలీ వస్తుంది. స్టూలు దిగినా నా చుక్క పలకమీదికి చేరడం లేదు, గాలికి వంకర తిరిగి సరాసరి గురువుగారి బట్టతల మీద పడుతోంది.

"అయ్యో, ఇదీ పోయింది గురువుగారూ!"

ఆయన మైక్రోస్కోపులోంచి కన్ను తియ్యకుండానే నెత్తి తడుముకుంటారు.

"ఎక్కడికీ పోలేదులే. ఇక్కడే అతుక్కుంది."