ఛార్జరుకు వేసిన తాళం

మా ఆయన గనిలో మెకానిక్కు. ఇనప ఖనిజం మోసే ఇంటంత డంపర్లను విప్పి బిగిస్తారు. జాకెట్ల మీద కుట్టు డిజైన్లు గీసుకోవడానికి మామూలు లాప్‌టాప్ కావాలని నేనడిగితే, జగదల్‌పూర్ వెళ్లి గేమింగ్ లాప్‌టాప్ తెచ్చారు. దానికి రెండు పెద్ద ఫ్యాన్లున్నాయట. "మన కిరందుల్ దుమ్ముకి ఇదే తట్టుకుంటాది," అన్నారు. వచ్చింది గేమింగ్‌ది కదా అని నేను ఒక ఆట వేసుకున్నాను. లారీలు నడిపే ఆట.

కొంటాలో ఉన్న మా అక్కకూ అది నేర్పాను. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల ఎరువుల కొట్టు మూసి ఉంటుంది కనుక, మూడింటికి అక్క కొట్టు కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమె లారీ ముందు, నా లారీ వెనక. సరుకేసుకుని ఊళ్లూళ్లూ తిరిగేవాళ్లం.

పోయిన ఏడు కొంటా వెళ్లినప్పుడు నా నోరు ఊరుకోలేదు. అక్క కొత్త వియ్యపురాలి ముందు, చేపల పులుసులో చింతపండు చాల్లేదన్నాను. ఉన్న మాటే అన్నాను. కానీ వియ్యపురాలి ముందు అనకూడదని అన్నాక తెలిసింది. అక్క ఫోన్లు మానేసింది. నాకూ పౌరుషం వచ్చి మానేశాను. వింతేమిటంటే, ఆ వచ్చే ఆదివారం మూడింటికి అక్క లారీ ఎప్పటిలాగే వచ్చి ఆగింది. నేనూ కిక్కురుమనకుండా వెనకే పెట్టాను. పదకొండు నెలలు మాటల్లేకుండా అలాగే నడిపాం. చెప్పాల్సిందేదైనా ఉంటే హారన్ కొట్టేవాళ్లం. చెప్పాల్సింది ఇద్దరికీ చాలానే ఉండేది. ఆ హారన్ల మోతకు మా ఆయన ఆ గంటసేపూ వీధరుగు మీద కూర్చునేవారు.

అలాంటిది ఒక ఆదివారం నడిరోడ్డు మీద నా లాప్‌టాప్ బిగుసుకుపోయింది. లోపలి డ్రైవ్ నిండిపోయి, ఆటకు జాగా చాల్లేదు. మిగిలిన ఆ ఒక్క దారీ నేనే తెంచుకున్నానని అక్క అనుకుంటుంది. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారేమో. ముందు ఫోన్ చేసినవాళ్లు ఓడిపోయినట్టు కదా! వచ్చే ఆదివారం మూడింటికల్లా మళ్లీ రోడ్డెక్కాలి, అంతే.

ఎక్కువ జాగా ఉన్న కొత్త డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ, శనివారం పార్సిల్లో వచ్చింది. దాన్ని ఖాళీగా ఉన్న రెండో స్లాటులో పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ ఎక్కిస్తే లాప్‌టాప్ ఇక దాని నుంచే మొదలవుతుంది. వీడియోలు చూసి అంతా బట్టీ పట్టాను. మా ఆయన ఆ ముక్కను రెండు వేళ్లతో పట్టుకుని చూశారు.

"ఇంతేనేటి? దీనికి గ్రీజెక్కడ రాయాల?"

ఆదివారం పొద్దున్నే విప్పుదామని కూర్చున్నాను. ఆయన ఒప్పుకోలేదు. గనిలో ఒక పద్ధతుంది. మిషన్లో చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపి, స్విచ్చికి తమ తాళం వేసి, ఎర్ర ట్యాగు కట్టి, తాళంచెవి తమ జేబులో వేసుకోవాలి. వేసినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయకూడదు. మా ఇంట్లో మిక్సీ బాగుచేసినా అదే తంతు. ఆయన ఛార్జరు పీకి, ఇనప పనిముట్ల పెట్టెలో పెట్టి, తాళమేసి, హిందీలో 'ఖత్రా', అంటే ప్రమాదం, అని రాసిన ట్యాగు కట్టారు.

వెనక మూత తీస్తే లోపలంతా ఎర్రటి ఇనప దుమ్ము. ఆయన ముఖం వెలిగిపోయింది. బ్రష్షు తెచ్చి మధ్యాహ్నం దాకా తెగ తుడిచారు. సరిగ్గా అప్పుడే డంపరేదో గని కొండమీద ఆగిపోయిందని ఫోనొచ్చింది. చెప్పులేసుకుని పరిగెత్తారు.

మిగతాది నేనే చేశాను. బ్యాటరీ వైరు ఊడదీసి, ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా గుచ్చి, అదిమి, స్క్రూ బిగించాను. ఆవగింజంత ఆ స్క్రూ రెండుసార్లు కిందపడి నన్ను చాప మీద పాకించింది. బ్యాటరీ మళ్లీ తగిలించి, మూత బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. విండోస్ ఎక్కడం మొదలైంది! ఎగిరి గంతేశాను. అరవై రెండు శాతం దగ్గర స్క్రీన్ నల్లబడింది. బ్యాటరీ అయిపోయింది.

ఛార్జరు పెట్టెలో ఉంది. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆయన కొండమీదున్నారు, ఫోను తీయడం లేదు. ఆ లావుపాటి పిన్ను ఛార్జరు చుట్టుపక్కల క్వార్టర్లలో ఎవరికీ లేదు. టైము రెండు నలభై.

సుత్తి తెచ్చాను. ఎత్తాను కూడా. ట్యాగు మీద ఆయన రాత కనబడింది. ఇరవై రెండేళ్లుగా ఆయన పది వేళ్లతో ఇంటికొస్తున్నారంటే, ఆ తాళాన్ని ఎవరూ పగలగొట్టలేదు గనకే. సుత్తి దించేశాను. ఏడుపొచ్చింది.

మూడైంది. మూడూ అయిదైంది. ఓడితే ఓడానని అక్కకు ఫోన్ చేశాను. సగం రింగుకే ఎత్తింది.

"ఏందే, నడి రోడ్డు మీద ఇడిసిపెట్టి పోయినవ్! వారం సంది నాకు ముద్ద దిగుతలేదు!"

"డ్రైవ్ నిండిందక్కా. కొత్తది పెట్టిన. ఛార్జరేమో పెట్టెల ఉంది, తాళంచెవి మీ మరిది జేబుల ఉంది, ఆయన కొండమీదున్నడు."

అక్క పగలబడి నవ్వింది. నాకూ ఆగలేదు. పులుసు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

"నా లారీ బాగయ్యేదాకా ఆగుతవా అక్కా?" అన్నాను.

"లారీ లేదు, గీరీ లేదు. నాకదంటే పరమ విసుగు. మెడ గుంజుతది, రివర్స్ అస్సలే రాదు."

"మరి ఇన్ని నెలలు ఎందుకు నడిపినవ్?"

"ఇంకేడ కలుస్తవే నువ్వు?"

ఆ మాట అని అక్క, ఇంటి సంగతులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.

నాలుగింటికి మా ఆయన ఒళ్లంతా ఎర్ర దుమ్ముతో వచ్చి, గబగబా తాళం తీసి, ఛార్జరు నా ఒళ్లో పెట్టారు. "తొరగా పెట్టు! మీ అక్క ఎల్లిపోతాది!"

ఫోను చెవికి మరింత గట్టిగా అదుముకుని, ఆయన్ని వీధరుగు మీద కూర్చోమని సైగ చేశాను.