అంచుల్లో రాసిన మాటలు

ఈ సంగతి మీ పత్రికలోని పాఠకుల పేజీకి ఇప్పటికి మూడుసార్లు రాసి పంపాను. వేయలేదు, ఎందుకు వేయలేదో చెప్పనూ లేదు. అయినా మళ్లీ రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట అమ్మతో గొడవపడి పెనుకొండ ఇల్లు వదిలి ధర్మవరం వచ్చేశాను. కొన్నాళ్లకు అమ్మ హిందూపురంలోని అన్నకు ఇన్లాండ్ లెటర్ రాసింది. చోటు చాలక, నా గురించి రాయదలచింది అంచుల్లో నిలువుగా రాసిందట.

"నేను చదివితే ఏం బాగుంటాదప్పా, వచ్చి నువ్వే చదువుకో" అని అన్న ఫోన్ చేశాడు. తనే తెచ్చివ్వాలని నేను పట్టుబట్టాను. ఆ నెలలోనే అమ్మ పోయింది. ఆ తర్వాత కూడా అతను తేలేదు, నేను అడగలేదు.

నిరుడు అన్న కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో గోడ మీద అమ్మ ఉత్తరం అద్దాల ఫ్రేములో ఉంది. ఇక ఎవరినీ అడగకుండానే చదువుకోవచ్చని ఆశగా దగ్గరికి వెళ్లాను. చుట్టూ అంచులు లేవు.

"అంచుల్లో రాతలు యాడన్నా?"

"కాగితం ఫ్రేముకు పట్టలేదప్పా. అంగడాయప్ప సుట్టూ కత్తిరించినాడు. ఇప్పుడెంత సక్కగా ఉండాదో సూడు!"

"నా గురించి అమ్మ ఏం రాసింది?"

"ఇన్నేండ్లయినాక యాడ గుర్తుంటాదబ్బా? పోయి పాయసం తిను, సల్లారిపోతాది."

చుట్టాలంతా ఆ ఫ్రేము పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను ఫ్రేముల అంగడికి పరుగెత్తాను. ఆ ముక్కలు ఏనాడో ఊడ్చి పారేశామన్నారు.

అన్న ఫోన్ చేసినప్పుడే బస్సెక్కి ఉంటే సరిపోయేదని నాకూ తెలుసు. తెలిసి ఇప్పుడేం లాభం?

అన్న ఈ పేజీ వదలకుండా చదువుతాడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. అన్నా, అమ్మ నన్ను తిట్టిందా, రమ్మందా? ఈసారైనా జవాబు చెప్పు.