చినతాత బూట్లు పూడ్చిన చోటు

మా చిన్నప్పుడు... వేసవి వస్తే జీడితోటలో పిక్కలు ఏరడానికి నాన్నమ్మ వెనకాల పిల్లలందరం బయల్దేరేవాళ్లం. ఉద్దానంలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు... సెలవులయ్యేసరికి చేతులనిండా జీడిసొన మరకలే.

మొదటిరోజు ఏరిన పిక్కల్ని నాన్నమ్మ అక్కడే ఎండాకులేసి కాల్చేది. పొగకి కళ్లు మండుతున్నా, నోరూరుతూ చుట్టూ కూర్చునేవాళ్లం. మొదటి పప్పు మాత్రం మాకు పెట్టేది కాదు. తోటని ఆనుకుని, సముద్రం వైపు పాత శ్మశానం ఉండేది... అందులో సిపాయిల సమాధులు కొన్ని. ఒకదాని మీద ఆ పప్పు పెట్టి దణ్ణం పెట్టేది. 'సిపాయి దాలయ్య' అని పచ్చి సిమెంటు మీద పుల్లతో గీసిన అక్షరాలు. నాన్నమ్మ మరిది, మా చినతాత. తల్లి లేని పిల్లాడని తనే పెంచిందట.

యుద్ధంలో మనిషి దొరకలేదు. ఆయన నల్ల ట్రంకుపెట్టె ఒక్కటే పలాస స్టేషన్లో దిగింది. అందులో ఉన్న బూట్లు పూడ్చి సమాధి కట్టారు. మనిషి లేని సమాధికి దణ్ణం ఎందుకని ఓసారి అడిగాను.

"మడిసి దేశం కోసమెల్లిపోనాడు. బూట్లయినా మన మట్టిలో ఉండాల గదమ్మీ" అంది నాన్నమ్మ.

నాన్నమ్మ పోయాక కొన్నేళ్లు మా అత్త ఆ సమాధికి సున్నం వేయించింది. తర్వాత ఆవిడకీ మోకాళ్లు సహకరించలేదు.

మొన్న ఊరెళ్లాను. సమాధుల మీద ఎవరో పిక్కలు ఎండబోశారు. పక్కన పొక్లెయిన్. పిక్కల లారీలకి దారి వెడల్పు చేస్తారట... చినతాత సమాధి మీద ఎర్రరంగుతో ఇంటూ మార్కు. సరిగ్గా పేరు మీదే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరి కమిటీ పెద్ద వరసకి మావయ్యే, వెళ్లి నిలదీశాను. ఆయన తాపీగా టీ తాగుతూ, "అందులో మడిసెక్కడున్నాడమ్మీ, బూట్లే గదా. కూడలికాడ జవాను బొమ్మ పెట్టినాం, సూడనేదేటి?" అన్నాడు.

చూశాను. తుపాకీ పట్టుకున్న సిమెంటు జవాను. కింద నల్లరాతి మీద చందాలిచ్చినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి... మా ఊరి సిపాయి పేరు ఒక్కటీ లేదు. పంద్రాగస్టుకి అక్కడ జెండా, ఫొటోలు, స్టేటస్‌లు. సమాధి దగ్గర చీపురు పట్టినవాడు ఒక్కడూ లేడు. ఇదా మన దేశభక్తి? సిగ్గుండక్కర్లేదా?

ఎండబోసిన పిక్కలు పక్కకి తోసేశాను. ఇంటికెళ్తే అత్త నాలుగు పిక్కలు కాల్చి ఇచ్చింది. మొదటి పప్పు తీసుకెళ్లి ఆ ఎర్రగీత మీదే పెట్టి వచ్చాను.

మావయ్యవాళ్లు కమిటీలో మాట్లాడతాం అన్నారు. ఆ మాటకి అర్థం నాకూ తెలుసు, మీకూ తెలుసు...

ఒకప్పుడు మొదటి పప్పు సిపాయికి తీసిపెట్టిన ఊరు, ఇప్పుడు అదే సిపాయి దారికి అడ్డం అంటోంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి సమాధులు ఉండే ఉంటాయి. ఓసారి వెళ్లి చూడండి. పేరు ఇంకా చదవడానికి వస్తుంటే, ఇక్కడ కింద రాయండి.

మొదటి పేరు నేను రాస్తున్నాను... సిపాయి దాలయ్య.