పద్నాలుగు ముద్రల రాజీనామా

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప, వదిలెయ్యడానికేం, చిటికెలో పని అనుకునేవాళ్ళం. వదలడం ఎంత కష్టమో తెలియాలంటే ముందు వదలబుద్ధి కాని ఉద్యోగం ఒకటి ఉండాలి కదా! నాకు ఇరవై ఏడేళ్ళకే అలాంటిది దొరికింది. రాయపూర్‌లో ఒక టీపొడి కంపెనీకి నేను సేల్స్ మేనేజర్ని. (నా కింద ఇద్దరు సేల్స్‌మెన్ ఉండాలి. ఒకడు ఎప్పుడు చూసినా సెలవులో ఉండేవాడు, రెండోవాడి ఖాళీ ఎప్పటికీ భర్తీ కాలేదు. కాబట్టి నేను ముఖ్యంగా మేనేజ్ చేసింది నన్నే.) అయినా విజిటింగ్ కార్డు మాత్రం దళసరిగా, నిగనిగలాడుతూ ఉండేది. మా అమ్మ ఒక కార్డుని దేవుడి పటం అంచున గుచ్చి, మా రైల్వే క్వార్టర్స్‌కి వచ్చినవాళ్ళందరికీ ప్రసాదంతో పాటు దాన్ని కూడా చూపించేది.

మా బ్రాంచి మేనేజరు గారు విజయనగరం వైపు మనిషి. బజారంతా ఆయన్ని 'దోబారా బాబు' అనేది. దోబారా అంటే మరోసారి అని. ఏ కాగితాన్నయినా రెండుసార్లు చదివితే గానీ ఆయన కలం మూత తీసేవారు కాదు. హోటలు బిల్లు రెండుసార్లు, రైలు టిక్కెట్టు రెండుసార్లు. మా చెల్లెలి శుభలేఖ ఇస్తే దాన్నీ రెండుసార్లు చదివి, తేదీకీ వారానికీ పొంతన లేదని పట్టుకున్న మహానుభావుడు. (మేము ఇంటిల్లిపాదీ చదివాం, పురోహితుడు చదివాడు, ఒక్కరికీ కనపడలేదు. ఆయన చూడకపోతే బంధువులు బుధవారం వచ్చి, మేము గురువారం వండి, నలుగురిలో నవ్వులపాలయ్యేవాళ్ళం.) నాకు అమ్మడం నేర్పింది కూడా ఆయనే. చేరిన కొత్తలో నేను దుకాణంలో అడుగు పెడుతూనే ధరలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేవాణ్ణి. ఆయన వారం రోజులు ఓపికగా విని, ఒకరోజు బయటికి తీసుకొచ్చి, "ఒరే నాయినా, ముందు మంచినీళ్ళడుగు. మంచినీళ్ళు లేవనీవోడు ఈ ఊళ్ళో లేడు. అవి తెచ్చీలోగా అయిదు నిమిషాలు నీవి. ఆ అయిదు నిమిషాలూ టీపొడి ఊసెత్తకు" అన్నారు. ఆ ఒక్క మాటతో నా బతుకు మారిపోయింది. రోజుకి రెండు మూడు దుకాణాల మంచినీళ్ళు తాగాను, అన్ని కుటుంబాల కష్టసుఖాలు విన్నాను, ఆర్డర్లు వాటంతట అవే వచ్చాయి.

ఇలా హాయిగా సాగుతున్న కాపురంలో నాగపూర్ నుంచి ఒక కవరు వచ్చి పడింది. ఒక రంగుల కంపెనీ వాళ్ళు నన్ను ప్రాంతం మొత్తానికి మేనేజరుగా రమ్మన్నారు. జీతం ఒకటిన్నర రెట్లు, పైగా మోటారు సైకిలు. మే నెలాఖరులోగా జవాబు చెప్పాలి, జూలై ఒకటిన చేరాలి, లేకపోతే మరొకణ్ణి చూసుకుంటాం అని మర్యాదగానే రాశారు. ఇంట్లో చెబితే మా అమ్మ, "మేనేజరు పని మానేసి మేనేజరు పనికెళ్తావేటి? తేడా ఏటి?" అంది. మా నాన్న గూడ్సు గార్డు. ఆయనకి లోకంలోని సమస్యలన్నీ రైలు పట్టాల మీదే తేలేవి. "కదిలిన బండి ఎక్కకు, ఆగని బండి దిగకు. అంతేరా" అన్నారు. నా బండి కదులుతోందో ఆగిందో చెప్పమంటే, "అది ఎక్కినోడికి తెలీకపోతే ఎలా?" అని పేపరు ఎత్తుకున్నారు. వెళ్ళాలని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. దోబారా గారి ముందు నిలబడి 'వెళ్తానండీ' అనడం మాత్రం రోజూ రేపటికి వాయిదా పడుతోంది. అన్నీ నేర్పిన మనిషికి నేర్చుకోవడం అయిపోయిందని ఏ మొహంతో చెప్పను?

చివరికి దేవేంద్ర నగర్‌లో ఒక స్నేహితుడి టైపు మిషను మీద రాజీనామా కొట్టుకొచ్చాను. ధైర్యం ఏ గడియకి వస్తుందో తెలియదు కనుక, రాగానే తీసి ఇచ్చేలా రిపోర్టుల ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టుకున్నాను. ఇక్కడ మా పద్ధతి కాస్త చెప్పాలి. మేము నిజంగా దుకాణానికి వెళ్ళామనడానికి సాక్ష్యంగా, ఆ రోజు రిపోర్టు మీద దుకాణం రబ్బరు ముద్ర వేయించుకోవాలి. ఆ రోజు కాగితం ఎప్పుడూ ఫైలు అడుగునే ఉంటుంది. గుమాస్తాలకి అది అలవాటు. నేను ఫైలు బల్ల మీద పడేసి మంచినీళ్ళు అడిగేవాణ్ణి, సేఠ్‌జీ మనవడి చదువు గురించి అడిగేవాణ్ణి. గుమాస్తా ఆఖరి కాగితం తిప్పి, ఠప్పున ముద్ర కొట్టి ఇచ్చేసేవాడు. అతనూ చూడడు, నేనూ చూడను. సోమవారం నుంచి శనివారం దాకా తెలీబంధా, స్టేషను రోడ్డు, పక్క ఊరు తిల్దా అన్నీ తిరిగాను. ధైర్యం మాత్రం రాలేదు. శనివారం సాయంత్రం అలవాటు ప్రకారం ఫైలు దోబారా గారి బల్ల మీద పెట్టి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను. ఫైల్లో ఏముందో ఆదివారం తలంటు పోసుకుంటుండగా గుర్తొచ్చింది. కళ్ళలో కుంకుడు రసం పడ్డా మంట తెలియలేదు.

సోమవారం ఆయన గదిలోకి పిల్లిలా వెళ్ళాను. రాజీనామా బల్ల మీద పరిచి ఉంది. దాని మీద నా అక్షరాలు కనపడటం లేదు. ఊదా రంగు ముద్రలు, నీలం ముద్రలు, గుండ్రటివి, చదరపువి, ముందు పక్క చోటు చాలక వెనక పక్క కూడా! "కూర్చో. రెండుసార్లు చదివాను" అన్నారాయన. "ఈ వారం రిపోర్టుల మీద ఒక్క ముద్దర లేదు. అంటే వారం రోజులై నువ్వే దుకాణానికీ వెళ్ళలేదన్నమాట. ముద్దర్లన్నీ దీని మీదున్నాయి. పద్నాలుగు. లెక్కెట్టాను. ఏరా, నాకు రాజీనామా ఇచ్చావా, బజారు చేత మంజూరు చేయించుకొచ్చావా?"  ఆయన కాగితం వెనక్కి తిప్పారు. అక్కడ తిల్దా సేఠ్‌జీ తన ముద్ర కింద పెన్సిలుతో 'ఇరవై పెట్టెలు తొందరగా పంపండి' అని హిందీలో రాసి సంతకం కూడా పెట్టాడు. "ఇదిగో, దీని మీద ఆర్డరు కూడా వచ్చింది! నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో రాజీనామా మీద సరుకు అమ్మినోణ్ణి నిన్నే చూశాను" అని, తిట్టవలసిన చోట పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అంతటితో వదల్లేదు. "పద తిల్దా. ఆయన దేని మీద సంతకం పెట్టాడో ఆయన మొహాన్నే చెప్పు" అని ఆ ఎండలో పాసింజరు ఎక్కించారు. రైసు మిల్లుల తౌడు వాసన మధ్య, ఆ దుకాణంలో నేను మంచినీళ్ళు అడగడం కూడా మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. సేఠ్‌జీ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా కప్పు వైపు చూశాడు. "హమారే ఠప్పే సే హమీ కో ఛోడ్‌కే జాఓగే, బేటా?" అన్నాడు. మా ముద్రతోనే మమ్మల్ని వదిలిపోతావా అని! ఆ మాట నా గుండెలో ఎక్కడో దిగింది. తర్వాత ఆయనే నవ్వి, లస్సీ తెప్పించి, "ఇరవై పెట్టెలు మాత్రం రద్దు చెయ్యకు" అన్నాడు.

తిరుగు బండిలో కిటికీ పక్కన దోబారా గారు మా ఇద్దరి టిక్కెట్లూ రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. నేనే ఉండబట్టలేక, "ఉండిపోమంటే ఉండిపోతానండీ" అన్నాను. "ఉండమని చెప్పడానికి తీసుకురాలేదు. పద్నాలుగు దుకాణాలోళ్ళు చదవకుండా ముద్దరేశారు. ఎందుకంటావ్?" "అలవాటండీ." "కాదురా వెర్రోడా. నువ్వు ఏది పెట్టినా ఏసేస్తారు. అంత నమ్మకం సంపాదించుకున్నావ్. ఇంక ఇక్కడ నీకు నేర్చుకోడానికేటుంది? ఇంకో రెండేళ్ళుంటే వాళ్ళ నమ్మకం మీద కాళ్ళు చాపుకుని నిద్దరోతావ్. నిన్ను చూసి వాళ్ళు చదవడం మానేశారు, వాళ్ళని చూసి నువ్వూ మానేశావ్. ఎళ్ళిపోవాల్సిన టైమ్ ఇదే. నాగపూర్‌లో ఎవడూ నిన్ను నమ్మడు. అక్కడికెళ్ళి మళ్ళీ మొదట్నుంచీ మంచినీళ్ళడుగు." నేను తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. (ఎండాకాలం, కిటికీలోంచి దుమ్ము కొడుతోంది. ఆయనకి అలాగే చెప్పాను.)

మర్నాడే నాగపూర్‌కి ఒప్పుకుంటూ ఉత్తరం పడేశాను. ముద్రల రాజీనామా హెడ్డాఫీసుకి పంపడానికి పనికిరాదు కదా, అప్పటికప్పుడు ఆఫీసు మిషను మీద కొత్తది కొట్టి తెచ్చాను. ఆయన కలం మూత తీసి, కాగితం వైపు కాకుండా నా మొహం వైపు చూస్తూ, "అమ్మకి చెప్పావా?" అని అడిగి, సంతకం పెట్టేసి, పాతదాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నారు. నా కంగారులో నాకేం తోచలేదు.

నాగపూర్‌లోనూ ముద్రల పద్ధతే. మొదటి రోజు ఒక దుకాణదారు నా రిపోర్టుని పావుగంట చదివి, ఒక అంకె తప్పని చూపించి, ముద్ర వెయ్యకుండానే తిప్పి పంపాడు. రోడ్డు మీద నిలబడి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆగస్టులో పాత హెడ్డాఫీసు నుంచి నాకో ఉత్తరం వచ్చింది. తమరు రాజీనామాలో ఉద్యోగం విడిచే రోజు జూన్ ముప్పై ఒకటి అని రాశారు, బ్రాంచి మేనేజరు దానికి ఆమోదం కూడా తెలిపారు, అటువంటి తేదీ కేలండర్లో లేనందున తమరు ఎప్పుడు విడిచిందీ తెలియజేయగలరు అని.

ఆ ఉత్తరం పట్టుకుని మంచం మీద కూలబడిపోయాను. శుభలేఖలో వారం తప్పు పట్టుకున్న మనిషి! రైలు టిక్కెట్టు రెండుసార్లు చదివే మనిషి! నా రెండో కాగితం ఒక్కసారి కూడా చదవలేదు. ఆ రోజు నా మొహం చూసి వేశారే, అది పదిహేనో ముద్ర.

హెడ్డాఫీసుకి నేను జవాబు రాయలేదు. బద్ధకమే అనుకోండి, పొగరే అనుకోండి. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఆ తర్వాత ఇంకో మూడు ఉద్యోగాలు మారాను, మూడిటినీ మంచి తేదీలు చూసుకుని శుభ్రంగా వదిలాను. రాయపూర్ ఉద్యోగం ఒక్కటే, లెక్క ప్రకారం, ఇంకా వదల్లేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళే అడుగుతాను.