మేడమ్‌గారి తర్వాత సంతకం

మా మేడమ్‌గారు పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసిన పొద్దుట నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. "అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయమేసింది. వచ్చే వారమే నా ప్రాక్టికల్ పరీక్ష. ఆవిడ పక్కన లేకుండా ఆ గదిలోకి అడుగుపెట్టడం నేనెన్నడూ ఊహించుకోలేదు.

మా పని సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. రైసు మిల్లుల్లో బాయిలర్ల మీద ఆవిరి ఒత్తిడి చూపించే మీటర్లుంటాయి. గడియారంలాంటి ముఖం, దాని మీద ఒకటే ముల్లు. ఆ ముల్లు నిజం చెబుతోందో లేదో పరీక్షించి సంతకం పెట్టేది రాజమండ్రిలో మాలాంటి ల్యాబువాళ్ళం. ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపించిందనుకోండి, బాయిలరు దగ్గరి మనిషి కొలిమిలోకి ఇంకా ఊక ఎగదోస్తాడు. ఆ తర్వాత ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. కాలిబ్రేషన్ టెక్నీషియన్‌గా, అంటే మీటర్ల కొలత సరిచూసే మనిషిగా, సర్టిఫికెట్ ఉంటేనే మా దగ్గర సంతకం చెల్లుతుంది. మా ల్యాబులో అది ఆవిడ ఒక్కరికే ఉండేది. నా పరీక్ష దానికోసమే.

నేను చేరింది రోహిణి కార్తెలో. బయట తారు కరుగుతుంటే లోపల మేమిద్దరం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. గది చల్లదనం మారితే కొలత మారుతుందని ఆవిడ ఏసీ రిమోటు తన హ్యాండ్‌బ్యాగులో దాచేసుకునేవారు. చలేస్తోందండీ అని గొణిగితే, "నువ్వు టీ తాగు. మీటరుకి టీ పట్టలేం కదా" అనేవారు. నాకు ఒళ్ళు మండేది, ఆ చలిలో కూడా.

ఇంత ఖచ్చితమైన మనిషి రైతు బజారులో కాటా వైపు కన్నెత్తి చూసేవారు కాదు. అదేంటండీ అంటే, "వంకాయల దగ్గర కూడా డ్యూటీ చెయ్యమంటావేంటే" అని నవ్వేవారు. కొసరు మాత్రం అడిగి మరీ వేయించుకునేవారు.

నేను పుట్టు పిరికిదాన్ని. పొద్దున్న ఒక మీటరు పరీక్షించానంటే మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. ఒకరోజు క్యారేజీ ముందు కూర్చుని అడిగేశాను.

"ఈ భయం ఎప్పుడు పోతుందండీ?"

ఆవిడ ఆవకాయ కలుపుకుంటున్నారు. తలెత్తలేదు.

"నాకు పోయాక చెప్తాలే."

వేళాకోళమనుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడ, అప్పటికే పరీక్షలో నెగ్గిన మీటరునే మళ్ళీ పరీక్ష యంత్రానికి బిగించి, మొదటినుంచీ చేశారు. చేస్తుంటే పై పెదవి మీద చెమట కనిపించింది. వేళాకోళం కాదని అప్పుడు తెలిసింది. ధైర్యం ఎవరైనా చెబుతారు. ఆవిడ తన భయం దాచుకోకుండా నా పక్కన కూర్చున్నారు. నేను ఉద్యోగం మానేసి ఇంటికి పోకుండా ఉన్నది అందుకే.

ఇంకో మాట అనేవారు, "తెలీదు అనడానికి నోరు రావాలమ్మడూ. తెలుసు అనడానికి ఏముంది, చిలకైనా అంటుంది."

పరీక్ష రోజు విశాఖపట్నం నుంచి ఎగ్జామినరుగారు వచ్చారు. సంచిలోంచి ఒక మీటరు తీసి నా ముందు పెట్టారు. తెలిసిన బరువులు పేర్చి ఒత్తిడి పుట్టించే యంత్రానికి దాన్ని బిగించాను. ఒక్కో బరువూ పెడుతుంటే గణగణమని చప్పుడు. ఒత్తిడి ఎక్కేటప్పుడు ముల్లు సరిగ్గానే చూపించింది. దిగేటప్పుడు మాత్రం ఉండాల్సిన చోటుకి కాస్త పైనే ఆగిపోయింది.

"పాసా, ఫెయిలా?" అన్నారాయన.

ఏదో ఒకటి అనేసి బయటపడాలనిపించింది.

"ఇప్పుడే తెలీదండీ. ఇంకోసారి చేసి చెప్తాను."

ఆయన తలెత్తకుండా ఏదో రాసుకున్నారు. మళ్ళీ చేశాను. ముల్లు మళ్ళీ అక్కడే ఆగింది. "ఫెయిలండి" అన్నాను. ఆ మాట మీటరు గురించి అన్నానో నా గురించి అన్నానో నాకే తెలియలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. మా అమ్మ అన్నవరం వెళ్ళి వ్రతం చేయిద్దామని హడావిడి పడింది. నాకు సంతోషం లేకపోలేదు. కానీ పరీక్షలో తప్పు చేస్తే పోయేది నా సర్టిఫికెట్. ఇకమీదట తప్పు చేస్తే పోయే ప్రాణం నాది కాదు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆవిడ పక్కనుంటే బాగుండునని ఏడుపొచ్చేది.

నా సంతకంతో బయటికెళ్ళిన మొదటి మీటరు మండపేట వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లుది. మిల్లువాళ్ళు తీసుకెళ్ళిన మర్నాడు పొద్దున్నే ల్యాబుకి ఫోన్ వచ్చింది.

"బాయిలరు దగ్గర్నుంచి మాట్లాడుతున్నానండి. మీటరు బిగించేశాం. స్టిక్కరు మీద సంతకం మారిందేంటండీ? మేడమ్‌గారిది కాదే?"

"మేడమ్‌గారు పోయారండీ. ఈసారి చేసింది నేను."

"అయ్యో. ఎప్పుడూ ఆవిడ సంతకం చూసుకునే వెలిగించేవాణ్ణండి" అన్నాడాయన. తర్వాత తనే, "మరి వెలిగించమంటారా అమ్మా?"

చేసిన కొలతలన్నీ ఒక్కసారిగా బుర్రలోంచి చెరిగిపోయినట్టయింది. పక్కకి తిరిగి అడగడానికి ఎవరూ లేరు. ఫైలు తెరిచి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టుకుంటూ కిందిదాకా చూశాను. ఆయన తొందరపెట్టలేదు.

"వెలిగించండి" అన్నాను.

ఆయన ఫోన్ కట్టెయ్యలేదు, పక్కనెక్కడో పెట్టినట్టున్నాడు. కొలిమి తలుపు ఇనుప మోత వినిపించింది. పారతో ఊక తోస్తున్న చప్పుడు, ఆ తర్వాత మంట అందుకున్న హోరు. నేను ఫోను చెవికి అదిమిపెట్టుకుని ఆ హోరు వింటూ నిలబడ్డాను.