ఒక గడిలో పన్నెండు

నలభై ఏడూ ముప్ఫై అయిదూ కలిపితే 712 అని పలక మీద రాసి, దాన్ని నా ముఖం ముందు పెట్టి, శభాష్ అంటానేమోనని ఎదురుచూసింది ఆ పిల్ల. నాకు అసలే కోపం ముక్కు మీదుంటుంది.

"ఏడొందల పన్నెండా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నీ దగ్గర నలభై ఏడు జామకాయలున్నాయి, నేనింకో ముప్ఫై అయిదు ఇచ్చాను. ఏడొందలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయే?" అన్నాను.

తరగతంతా గొల్లుమంది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. నేనే సరిగ్గా చూడలేదన్నట్టు పలకని మళ్ళీ నా వైపు జరిపింది.

సినిమా ఇంకా రీళ్ళ మీదే తిరుగుతున్న రోజులవి. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. మా ఆయన ఎడిటింగ్ రూములో పనిచేసేవారు. నేను ఫిల్మ్ నగర్ దిగువన ఒక సందులో ఉన్న చిన్న బడిలో నాలుగో తరగతి చెప్పేదాన్ని. పిల్లల్లో సగం మంది యూసుఫ్‌గూడ నుంచి వచ్చేవాళ్ళు. లైట్లు మోసేవాళ్ళ పిల్లలు, మేకప్ వేసేవాళ్ళ పిల్లలు, గుంపులో నిలబడేవాళ్ళ పిల్లలు. ఈ పిల్ల తల్లి గుంపులో మనిషే. పెళ్ళి సీనులో చుట్టం, సంత సీనులో కూరలమ్మే ఆవిడ. పిల్లని ఎవరి దగ్గరా వదల్లేక చంకనేసుకుని షూటింగులకు తిరిగింది. నడక రాగానే పిల్లని కూడా గుంపులో నిలబెట్టేశారు. అలా తొమ్మిదేళ్ళు వచ్చేదాకా అది బడి గడప సరిగ్గా తొక్కలేదు. గోడల మీది పోస్టర్లు చూసి చదవడం మాత్రం నేర్చేసుకుంది. తెలుగు వాచకం ఇస్తే గడగడా చదివి అవతల పారేసేది. లెక్కల్లో గుండుసున్నా.

అందుకే మా హెడ్‌మిస్ట్రెస్ చేర్చుకునేటప్పుడే షరతు పెట్టారు. "వయసుని బట్టి ప్రస్తుతానికి నాలుగులో కూర్చోబెడుతున్నాను. దసరా సెలవులిచ్చే ముందు నేనే పరీక్ష పెడతాను. స్థానవిలువలు, కూడికలు, తీసివేతలు రాకపోతే రెండో తరగతికి వెళ్ళాల్సిందే."

ఆ మాట విని పిల్ల వాళ్ళమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. "గా చిన్నపోరల పక్కన నేను కూసోను. గట్లయితె నాకు ఇస్కూలే వద్దు."

తర్వాత తల్లి నన్ను వరండాలో ఆపి చెప్పింది. "మేడం, ఇది మొండిది. అన్నదంటె అన్నట్టే. ఇస్కూలు బంద్ జేసిందంటె ఇగ రోజు షూటింగే. మమ్ముల వ్యాన్ల ఎక్కించుకపోయే ఏజెంటన్న ఇప్పటికే అడుగుతున్నడు. నేను నిలవడ్డది సాలదా? దీన్ని గూడ గుంపుల నిలవెట్టాల్నా? జర మీరే జూడాలె." "నా తరగతిలోంచి ఎవర్నీ వెనక్కి పంపను, నువ్వు వెళ్ళమ్మా" అని పెద్ద మాటే అనేశాను. తీరా చూస్తే ఇదీ పలక.

"ఎలా వచ్చిందో చెప్పు" అన్నాను గొంతు తగ్గించి.

పలక మీద రెండు గడులు గీసి చూపించింది. "ఏడు, అయిదు గలిపితె పన్నెండు. గీ గడిల పన్నెండు రాసిన. నాలుగు, మూడు గలిపితె ఏడు. గా గడిల ఏడు."

"ఒక గడిలో రెండంకెలు ఎలా రాస్తావే?"

"రాస్తరు గద టీచర్! టేకు పన్నెండైతె పన్నెండనే రాస్తరు. పక్కన షాటు ఏం మారదు."

అప్పుడు నా బుర్రకెక్కింది. షూటింగులో కెమెరా ముందు పెట్టి టప్పున కొట్టే క్లాప్ పలక ఉంటుంది. దాని మీద సీనుకో గడి, షాటుకో గడి, టేకుకో గడి. ఖాళీ దొరికినప్పుడు అసిస్టెంట్లు ఈ పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి అంకెలు చెరిపించి, మళ్ళీ రాయించి ముచ్చటపడేవాళ్ళట. దీని ఓనమాలు అవే. ఆ పలక మీద ఏ గడి గోల దానిది. హీరో డైలాగు మర్చిపోయి టేకు ఇరవై దాటినా షాటు గడి ఉలకదు, పలకదు. మన అంకెలు కూడా అలాగే పక్కపక్కన కూర్చుని ఒకరితో ఒకరికి మాటల్లేని చుట్టాలనుకుంది పిచ్చిది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆ రోజు నుంచీ బడి వదిలాక దాన్ని కూర్చోబెట్టుకునేదాన్ని. ఒకట్ల ఇల్లు, పదుల ఇల్లు, వందల ఇల్లు అన్నాను. చీపురు పుల్లలు విరిచి, పదేసి కట్టకట్టి రబ్బరుబ్యాండు వేశాను. పుల్లలు ఇస్తే తప్పు లేకుండా కలిపేది. పన్నెండు పుల్లల్లో పదింటికి కట్ట కట్టి అవతల పెట్టేది. పలక ఇస్తే మళ్ళీ 712.

"ఇప్పుడేగా కట్ట కట్టావు! పలక మీద ఏమొచ్చింది నీకు?"

"పుల్లలకు కట్ట గడ్తం. అంకెలకు ఎట్ల గడ్తం టీచర్?"

నిజమే, అంకెకి రబ్బరుబ్యాండు ఎక్కడ వెయ్యను? చెప్పిందే చెప్పాను, అరిచాను, బతిమాలాను. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూనే మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందండీ నా బతుకు. ఆ పెద్దావిడ పరీక్ష ముంచుకొస్తోంది. తల్లికి మాటిచ్చి కూర్చున్నాను."

"ముందు నువ్వు కాస్త మంచినీళ్ళు తాగు" అన్నారాయన. "ఆదివారం రూములో నేనొక్కణ్ణే ఉంటాను. దాన్ని తీసుకురా. ఏసీలోనైనా మీ ఇద్దరి బుర్రలూ చల్లబడతాయి."

ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు మాత్రం ఆదివారం కూడా ఒక పూట కలిసొస్తుందనిపించింది. తల్లిని అడిగి పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళాను. పలక, పుల్లల కట్టలు సంచిలో వేసుకునే వెళ్ళాను.

రూములో ఎడిటింగ్ టేబులు మీద ఫిల్ము ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి పోతోంది. ఎన్ని అడుగులు నడిచిందో చూపించడానికి పక్కన చిన్న మీటరు ఉంది. చిన్న చిన్న కిటికీల్లో అంకెలు గిర్రున తిరుగుతుంటాయి. పిల్లకి తెర మీది బొమ్మ అక్కర్లేకపోయింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదేగా ఆ సంబరం! ముక్కు ఆనించినంత పని చేసి మీటరునే చూస్తోంది. చివరి కిటికీలో ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. తొమ్మిది వెళ్ళి సున్నా వచ్చింది. పక్క కిటికీలో సున్నా కాస్తా ఒకటి అయింది.

"ఆగుండ్రి సార్!" అని కేకపెట్టింది. మా ఆయన ఉలిక్కిపడి ఆపేశారు. "మల్ల వెనక్కి తిప్పుండ్రి."

వెనక్కి తిప్పారు. మళ్ళీ ముందుకు తిప్పారు. ఎన్నిసార్లు తిప్పించుకుందో! మొహం చిట్లించుకుని చూసి చూసి, చివరికి నా వైపు తిరిగింది.

"టీచర్, గీ గడిల తొమ్మిది దాకనే పడ్తది. ఇంకొకటి రాంగనె అందరు గలిసి పక్క గడికి పోతున్నరు. గీడ సున్న పెట్టి పోతున్నరు."

"మరి పక్క గడికి పోయి ఎంతయ్యారు?"

"ఒకటి." మళ్ళీ మీటరు వైపు చూసింది. "ఒక కట్ట."

"అదేనే తల్లీ, అదే!" అన్నాను. నా అరుపుకి పక్క రూములోంచి ఎవరో తొంగి చూసి వెళ్ళారు.

"గంతేనా? గిది ముందుగాల్నే జెప్పద్దా టీచర్?"

ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ గొంతు చించుకుని చెప్పింది మరేమిటట? మా ఆయన అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. ఆయన సంగతి ఇంటికెళ్ళాక చూద్దామని ఊరుకున్నాను.

తీసివేత కూడా ఆ మీటరే నేర్పింది. ఆయన ఫిల్మును నాలుగు వందల అడుగుల దగ్గర ఆపి ఒక్క అడుగు వెనక్కి తిప్పారు. మూడు కిటికీలూ ఒక్కసారి కదిలాయి. మూడు వందల తొంభై తొమ్మిది.

"ఒక్క అడుగు తీస్తె మూడు గడ్లు ఎందుకు మారినయి?" అంది పిల్ల. నేను జవాబు చెప్పబోయి నాలుక కరుచుకుని ఊరుకున్నాను. సంచిలోంచి పుల్లల కట్టలు తీసి దాని ముందు పోశాను. పది కట్టలు కలిపి కట్టిన వంద కూడా ఉంది అందులో. చాలాసేపు వాటినీ మీటరునూ మార్చి మార్చి చూసింది. తర్వాత వంద కట్ట విప్పింది. అందులోంచి ఒక చిన్న కట్ట తీసి విప్పింది. ఒక పుల్ల తీసి నా చేతిలో పెట్టింది.

"గీళ్ళింట్ల ఏం లేకుండె. పక్కింటికి పోయి అడిగిండ్రు. ఆడ గూడ ఏం లేదు. వాళ్ళు అవతలింటికి పోయి వంద తెచ్చి ఇప్పిండ్రు."

నేనైతే ఇంతకన్నా బాగా చెప్పలేను. మర్నాడు బళ్ళో పలక ఇస్తే ఎనభై రెండు రాసింది. పదుల గడి నెత్తిన చిన్న ఒకటి కూడా వేసింది. దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకోవాలనిపించింది. పైకి మాత్రం "ఊఁ, తర్వాతది చెయ్" అన్నాను. నా బుద్ధే అంత.

పరీక్ష రోజు తల్లి పనికి పోకుండా గేటు దగ్గరే నిలబడింది. హెడ్‌మిస్ట్రెస్ గదిలో పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, నన్ను తలుపు దగ్గర నిలబడమన్నారు. రెండు వందల అరవై ఎనిమిదికి నూట యాభై ఏడు కలపమన్నారు. నాలుగు వందల ఇరవై అయిదు అని రాసింది. నాలుగు వందల రెండులోంచి నూట డెబ్భై ఎనిమిది తీసెయ్యమన్నారు. మధ్యలో సున్నా ఉంది. పిల్ల పెదాలు కదులుతున్నాయి, ఏ ఇంటికి వెళ్ళి అడుగుతోందో ఏమో. రెండు వందల ఇరవై నాలుగు. హమ్మయ్య!

"నూట ఎనభై మూడుని దగ్గరి పదికి సవరించు" అన్నారావిడ.

కూడికలతోనే కాలమంతా గడిచిపోయి, సవరించడం దాకా మేం రానేలేదు. "అదింకా చెప్పలేదండీ" అన్నాను.

"మీరు ఆగండి టీచర్. పిల్లని చెప్పనివ్వండి. నూట ఎనభై మూడుకి దగ్గరగా ఉండే పది ఏది?"

"నూట తొంభై" అంది పిల్ల ఠక్కున.

"తప్పు."

"తప్పెట్లయితది మేడం? నూటెనభై మూడు మంది ఉంటె నూట తొంభై ప్లేట్లు జెప్తరు. నూటెనభై జెప్తె ముగ్గురు పస్తుండాల్నా?"

అయిపోయింది అనుకున్నాను. షూటింగు భోజనాల దగ్గర తల్లితో వరసలో నిలబడ్డ పిల్ల అది. దానికి దగ్గర అంటే అందరికీ సరిపోయేదని అర్థం. హెడ్‌మిస్ట్రెసేమో బెత్తం విరిచినట్టు మాట్లాడే మనిషి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేనడిగింది అన్నం గురించి కాదమ్మా, దూరం గురించి. నూట ఎనభై మూడు దగ్గర నిలబడ్డావనుకో. ఎటు పోతే తక్కువ నడవాలి?"

పిల్ల కళ్ళు మూసుకుంది. కుడిచెయ్యి గాల్లో చక్రం తిప్పినట్టు ముందుకు తిప్పింది, తర్వాత వెనక్కి తిప్పింది.

"ముందుకు ఏడు. వెనక్కి మూడే. నడిచెతందుకైతె నూటెనభై." కళ్ళు తెరిచింది. "అన్నానికైతె మాత్రం నూట తొంభయ్యే మేడం."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. నవ్వు దాచుకుంటున్నారని వెనక నుంచి కూడా తెలుస్తోంది. "నాలుగులోనే ఉండనివ్వండి" అన్నారు. "వార్షికోత్సవానికి భోజనాలు ఎన్ని చెప్పాలో కూడా ఈ పిల్లనే అడగండి."

పిల్ల నాకన్నా ముందు గేటు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ తల్లి పక్కన స్కూటరు మీద ఏజెంటు కూర్చుని ఉన్నాడు. ఈ రోజుతో సంగతి తేలిపోతుందని అతనికీ తెలుసు.

"రేపు పొద్దుగాల్లనే వ్యాన్ వస్తది అక్కా" అంటున్నాడు. "బడి సీనున్నది. బెంచీల మీద కూసునెతందుకు పిల్లలు ముప్పై మంది గావాలె. నీ బిడ్డతోటి ముప్పై అయితరు."

తల్లి నా ముఖంలోకి చూసింది. ఏడుపు ఆపుకుంటూ తల ఊపాను, అంతే. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"ఇరవై తొమ్మిదే రాసుకో అన్నా" అంది. "రేపు నా బిడ్డ నిజం బళ్ళె కూసుంటది."